ఇంటి పన్నులో ఆ ఎనిమిది పైసలు

సంపాదకులకు నమస్కారం.

"అన్నీ ఫోన్‌లోనే దొరుకుతుంటే ఇంకా లైబ్రరీలు ఎందుకండీ, ఆ స్థలంలో ఇంకేదైనా కట్టుకోవచ్చు కదా" అనే మాట ఈమధ్య మా ఊళ్లో తరచూ వినపడుతోంది. బాగా చదువుకున్నవాళ్లు కూడా అదే అంటున్నారు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. మాది గుంటూరు జిల్లాలో ఒక చిన్న పట్నం, నేను అక్కడే ఒక స్కూల్లో తెలుగు చెబుతాను. ఊరి పేరు రాయడం లేదు, ఎందుకంటే మా శాఖా గ్రంథాలయంలో ఉన్నది ఒకే ఒక్క ఉద్యోగి, నా ఉత్తరం వల్ల ఆయనకు ఏ ఇబ్బందీ రాకూడదు.

ముందే చెబుతున్నాను, నాకు ఈ-బుక్స్ మీద కోపం లేదు. మా నాన్నగారికి కంటి ఆపరేషన్ అయ్యాక కూడా సన్న అక్షరాలు ఆనడం లేదు, ట్యాబ్‌లో అక్షరాలు పెద్దవి చేసి ఇస్తే గంటలు గంటలు చదువుకుంటున్నారు. అమెరికాలో ఉన్న మా చెల్లెలికి ఇక్కడి నుంచి పుస్తకం పంపాలంటే పుస్తకం ధర కంటే పోస్టు ఖర్చే ఎక్కువ. నాకు పాఠం కోసం ఏ పాత పద్యమో కావలసి వస్తే నేనూ ముందు నెట్‌లోనే వెతుకుతాను. మొన్న అలాగే ఒక పాత వ్యాకరణ పుస్తకం పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసి తెరిస్తే మొదటి పేజీలో ఊదారంగు గుండ్రటి ముద్ర, దాని కింద ఎవరో కలంతో వేసిన నంబరు, తేదీ కనిపించాయి. అది ఒక గ్రంథాలయం ముద్ర. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కోసం స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు తెరిచి చూడండి, ఇలాంటి ముద్రలు ఎన్నో కనిపిస్తాయి. ఎవరో కొని, గట్టి అట్ట కట్టించి, రిజిస్టరులో ఎక్కించి, చెదలు పట్టకుండా దశాబ్దాల తరబడి కాపాడారు గనక ఆ పుస్తకం ఇవాళ మన ఫోన్‌లోకి వచ్చింది. బిందెలో నీళ్లున్నాయి గదా అని బావి పూడ్చుకుంటామా?

ఇంకో సంగతి. ఫోన్‌లో కొన్న పుస్తకం మనదే అనుకుంటాం గానీ అది ఆ కంపెనీ దయ మీద ఉంటుంది. 2009లో అమెజాన్ వాళ్లు జార్జ్ ఆర్వెల్ అనే ఇంగ్లీషు రచయిత పుస్తకాలు రెండింటిని, డబ్బు పెట్టి కొన్నవాళ్ల కిండిళ్లలోంచి (ఆ కంపెనీ అమ్మే, ఈ-బుక్స్ చదువుకునే పరికరాల్లోంచి) కూడా తీసేశారు. 2019లో మైక్రోసాఫ్ట్ తన ఈ-బుక్స్ దుకాణం మూసేస్తే కొన్నవాళ్ల పుస్తకాలన్నీ పోయాయి. రెండుసార్లూ డబ్బు వాపసు ఇచ్చారు, కానీ పుస్తకం పోయింది కదా. ఇక మన భాష సంగతి చూస్తే, 2016 చివర్లో కిండిల్‌లో భారతీయ భాషల పుస్తకాలు మొదలుపెట్టినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం ఉన్నాయి, తెలుగు లేదు. ఇంతమంది మాట్లాడే భాషను కూడా ఒక కంపెనీ తలుచుకున్నప్పుడే చేర్చుకుంటుందంటే, మన పుస్తకాల బాధ్యత మొత్తం వాళ్లకు ఎలా అప్పగిస్తాం?

మా లైబ్రరీ అంటే రెండు గదులు, ఒక వరండా. లైబ్రరీలోకి ఎవరొస్తున్నారు అని అడిగేవాళ్లు ఒక్కసారి ఉదయం ఎనిమిదింటికి వచ్చి చూడాలి. తలుపు తీయకముందే మెట్ల మీద పదిహేను మంది ఉంటారు. గ్రూప్-2, డీఎస్సీ, కానిస్టేబుల్ పరీక్షలకు చదివే పిల్లలు. ఒకమ్మాయి పాత క్యాలెండర్ కాగితాలను సగానికి కోసి, దారంతో కుట్టుకుని, వాటి వెనకవైపు నోట్సు రాసుకుంటుంది, ఖాళీ ఎక్కడా వదలకుండా చీమల్లాంటి అక్షరాలు. ఇంట్లో చదువుకోవచ్చు కదమ్మా అని అడిగాను ఒకసారి. "ఒకటే గది మేడం, టీవీ మోగుతూనే ఉంటుంది, తమ్ముళ్లు, వచ్చేపోయే వాళ్లు" అంది. ఆ అమ్మాయికి ఫోన్ ఉంది, అందులో మెటీరియల్ కూడా ఉంది. లేనిది కూర్చోవడానికి ఒక కుర్చీ, నాలుగు గంటల నిశ్శబ్దం. అవి ఏ యాప్‌లో దొరుకుతాయో నాకు తెలియదు. కోచింగ్ సెంటర్ల పక్కన ప్రైవేటు రీడింగ్ రూములు వచ్చాయి, ఏసీ, వైఫై అన్నీ ఉంటాయి, కానీ నెలనెలా డబ్బు కట్టాలి, కట్టలేనివాళ్లకు ఈ రెండు గదులే దిక్కు.

సాయంత్రం పేపర్ల బల్ల దగ్గర పెద్దవాళ్లు ఉంటారు. ఒకాయనకు చూపు దాదాపు పోయింది, ఆయన స్నేహితుడు పక్కనే కూర్చుని మీ పత్రికే చిన్న గొంతుతో చదివి వినిపిస్తుంటాడు, తక్కినవాళ్లెవరూ విసుక్కోరు. మధ్యాహ్నం పూట ఎండకు వరండాలో కూర్చునే ఆటో డ్రైవర్లు కూడా వారపత్రిక తిరగేస్తారు. ఏమీ కొనకుండా, ఎవరికీ సంజాయిషీ చెప్పుకోకుండా గంటసేపు కూర్చోగలిగే చోటు మా ఊళ్లో గుడి తర్వాత ఇదొక్కటే.

ఇది ఎవరో పైనుంచి ఇచ్చింది కాదు. 1901లో నిజాం ఏలుబడిలో, తెలుగు చదువుకే చోటు లేని రోజుల్లో, హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టారు. 1914లో అయ్యంకి వెంకటరమణయ్య గారు బెజవాడలో గ్రంథాలయాల వాళ్లందరినీ ఒకచోట కూర్చి సభ పెట్టారు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. నాకు అన్నింటికంటే ఇష్టమైనది పాతూరి నాగభూషణం గారి పడవ గ్రంథాలయం. 1935లో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలవ మీద తిరిగే పడవల్లో పుస్తకాలు పెట్టారు. పడవ ప్రయాణం మెల్లగా సాగుతుంది కదా, ఆ గంటల్లో జనం ఊరికే కూర్చోకుండా చదువుకుంటారని. రోడ్లు సరిగా లేని ఆ రోజుల్లో పుస్తకాన్ని జనం దగ్గరికి మోసుకెళ్లారు, మనం మాత్రం ఊరి నడిబొడ్డున ఉన్న గది తలుపులు సరిగా తెరిచి ఉంచలేకపోతున్నాం.

డబ్బుల్లేవు అంటారు. అక్కడికే వస్తున్నాను. 1960 నాటి పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం మనం కట్టే ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. పన్ను 1,200 రూపాయలైతే దాని మీద 96 రూపాయలు లైబ్రరీకి. మీ ఇంటి రసీదు తీసి చూసుకోండి. ఈ సెస్సును వసూలు చేసేది పంచాయతీలు, మున్సిపాలిటీలు, అది వెళ్లాల్సింది జిల్లా గ్రంథాలయ సంస్థకు. మధ్యలో బకాయిలు పేరుకుపోతున్నాయన్న వార్తలు ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం. మనం కట్టేశాం, మన వల్ల బాకీ లేదు. అయినా మా లైబ్రరీలో వానొస్తే పిల్లల పుస్తకాల బీరువా మీద పరదా కప్పాల్సి వస్తోంది, కొత్త పుస్తకాల అర చాలాకాలంగా అవే పుస్తకాలతో ఉంది, ఉన్న ఒక్క ఉద్యోగి సెలవు పెడితే ఆ రోజుకి తాళమే. ఇలా చేసి చేసి చివరికి జనం రావడం లేదు, మూసేద్దాం అంటే ఎలా ఒప్పుకుంటాం?

లైబ్రరీలో కంప్యూటర్లు పెట్టండి, ఈ-పుస్తకాలు కూడా ఇవ్వండి, మా నాన్నగారి లాంటి వాళ్లకు అది చాలా అవసరం. ఫోన్‌లో డేటా వేయించుకోలేని పిల్లవాడు అక్కడికి వచ్చి డౌన్‌లోడ్ చేసుకుంటాడు. ఒకటి వస్తే ఇంకొకటి పోవాలని ఎక్కడుంది? ముందు మాత్రం రాత్రి తొమ్మిదింటి దాకా తెరిచి ఉంచండి, ఇంకొక మనిషిని వేయండి.

మీ పత్రికకు ప్రతి మండలంలోనూ విలేకరులున్నారు. ఏ ఊళ్లో ఎంత సెస్సు వసూలైంది, అందులో గ్రంథాలయ సంస్థకు ఎంత చేరింది అనే లెక్క జిల్లాల వారీగా వేయండి. మా ఊరి లెక్క కోసం నేను సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాసి పెట్టుకున్నాను, గత అయిదేళ్ల వివరాలు అడుగుతున్నాను, సోమవారం ఇస్తున్నాను. జవాబు రాగానే మీకు పంపిస్తాను.

ఇట్లు
ఒక తెలుగు టీచర్
గుంటూరు జిల్లా