బడి వార్తకు డబ్బెవరిస్తారు?

సంపాదకులకు నమస్కారం.

ఇంటర్ ఫలితాలొచ్చిన మర్నాడు పేపరు తెరిస్తే పేజీల నిండా కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫొటోలే. మధ్యాహ్న భోజనం బిల్లులు రాక, కిరాణా కొట్లో అప్పు పెట్టి పిల్లలకు వండిపెడుతున్న ఆమె సంగతి మాత్రం జిల్లా పేజీలో ఓ మూల నాలుగు లైన్లు. ప్రకటనల మీద బతికే పత్రిక ఆ కాలేజీల ఫీజుల గురించి గట్టిగా రాయగలదా? నాకైతే నమ్మకం లేదు.

అమెరికాలో చాక్‌బీట్ అని బడుల వార్తలే రాసే లాభాపేక్ష లేని సంస్థ ఉంది. న్యూయార్క్, షికాగో, డెట్రాయిట్ లాంటి చోట్ల దాని విలేకరులు స్కూలు బోర్డు సమావేశాల్లో కూర్చుని, బడ్జెట్లు చదివి రాస్తారు. ఖర్చులో పెద్ద భాగం దాతలదే. చిక్కూ అక్కడే ఉంది, ఎందుకంటే ఇచ్చేవాళ్లలో చార్టర్ స్కూళ్లను, అంటే ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే బడులను, భుజాన వేసుకున్న వాల్టన్ కుటుంబ ఫౌండేషన్ కూడా ఉంది. అందుకే దాతల పేర్లు అందరికీ కనిపించేలా పెట్టాలి, ఏం రాయాలో దాత చెప్పకూడదని ముందే కాగితం మీద రాసుకోవాలి.

మన దగ్గర వార్తా సంస్థలు విదేశీ విరాళం తీసుకోవడానికి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, ఒప్పుకోదు. అంటే ఇక్కడి డబ్బే కావాలి. ఊరి బడికి గది కట్టించి శిలాఫలకం వేయించే పెద్దలు, జిల్లాకొక బడి విలేకరి జీతం మూడేళ్లు భరించొచ్చు కదా! మీరు కూడా ఆ కథనాలకు వారానికో పేజీ ఇవ్వండి, ర్యాంకుల ప్రకటన లేని పేజీ.

— ఒక పాఠకురాలు, ఖమ్మం