డిటెక్టివ్ నవలలు చిత్తుకాగితాలు కావు

సంపాదకుల వారికి నమస్కారం.

గ్రంథాలయ వారోత్సవాల రోజుల్లో మీ జిల్లా పేజీలో మా ఊరి గ్రంథాలయానికి కొత్త కళ వచ్చిందని పెద్ద వార్త వేశారు. కొత్త రీడింగ్ హాలు, ఏసీలు, పోటీ పరీక్షల పుస్తకాల ర్యాకులు, రిబ్బను కత్తిరిస్తున్న పెద్దలు, అన్నీ ఫొటోల్లో కనిపించాయి. అదే వార్త చివర్లో, ఉపయోగం లేని డిటెక్టివ్ నవలలు, వారపత్రికలు, దినపత్రికల పాత బైండులు తొలగించి స్థలం చేశారని ఒక ముక్క రాసి వదిలేశారు. తొలగించి ఎక్కడ పెట్టారు? ఉపయోగం లేదని తేల్చింది ఎవరు? మీ విలేకరి ఆ మాట అడిగినట్టు లేదు. నేను వెళ్లి అడిగాను. తూకానికి అమ్మడానికి ఫైలు కదిలిందట. ఆ సమాధానం విన్న దగ్గర నుంచి మనసు మనసులో లేదు. అందుకే ఆలస్యమైనా ఈ ఉత్తరం.

పుస్తకాలు వెనక వరండాలో పురికొసతో కట్టలు కట్టి, గోడకు ఆనించి ఉన్నాయి. అటెండరును బతిమాలి ఒక కట్ట విప్పించాను. పైన ఉన్నది అరచేతిలో పట్టే డిటెక్టివ్ నవల. అసలు అట్ట ఎప్పుడో పోతే ఖాకీ అట్ట వేసి, దారంతో కుట్టించారు. లోపల గ్రంథాలయం గుండ్రటి ముద్ర, దాని పక్కన తేదీల చీటీ. ఆ చీటీ నిండిపోతే దాని మీద ఇంకోటి, దాని మీద ఇంకోటి అతికించారు. మొదటి పేజీలో ఎవరో పెన్సిల్‌తో హంతకుడి పేరు రాసేస్తే, తర్వాత చదివినవాళ్లు దాన్ని గట్టిగా కొట్టేశారు. ఒక పుస్తకాన్ని ఊరు ఊరంతా చదివిందనడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? దీన్నా ఉపయోగం లేనిదన్నారు!

నేను చాలాకాలం తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి. వాచకం తెరిస్తే నిద్రపోయే పిల్లలు బెంచీ కింద యుగంధర్ నవల పెట్టుకుని ఊపిరి బిగబట్టి చదవడం కళ్లారా చూశాను. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు పేర్లు తెలియని ఇల్లు ఒకప్పుడు తక్కువ. చదవడం అనే అలవాటు ఎంతోమందికి ఆ పుస్తకాలతోనే అబ్బింది. తర్వాత వాళ్లే పెద్ద పుస్తకాల దగ్గరికి వెళ్లారు. ఆ రోజుల్లో మద్రాసు తెలుగువాళ్ల జీవితం ఎలా ఉండేదో, ట్రంక్ కాల్ కోసం ఎలా కాచుకునేవారో, పోలీసు స్టేషన్‌లో ఎవరు ఎవరితో ఎలా మాట్లాడేవారో తెలుసుకోవాలంటే చరిత్ర పుస్తకాల్లో దొరకదు. ఈ నవలల్లో, వాటి వెనక అట్టల మీద వేసిన ప్రకటనల్లో దొరుకుతుంది.

అవి సాహిత్యం కాదుగా అని అక్కడి అధికారి ఒకరు నాతో అన్నారు. సమగ్ర ఆంధ్ర సాహిత్యం రాసిన ఆరుద్ర గారే స్వయంగా డిటెక్టివ్ నవలలు రాశారు. తెలుగు సాహిత్య చరిత్ర మొత్తాన్ని తవ్విపోసిన మనిషికి లేని చిన్నచూపు వీరికి ఎందుకు? బెంగాలీలో పాంచ్‌కడీ దే రాసిన అపరాధ పరిశోధక కథలు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే తెలుగులోకి వచ్చాయి. అంత పాత శాఖ ఇది. దీని మీద ఎవరైనా పరిశోధన చేస్తామంటే ఇప్పుడు పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? అద్దె పుస్తకాల షాపులు మూతపడ్డాయి. ఇళ్లలో ఉన్నవి పాత పేపర్లతో పాటే వెళ్లిపోయాయి. మిగిలింది గ్రంథాలయాలే. అవి కూడా ఇలా చేస్తే ఇంకెవరిని అడగాలి?

దినపత్రికల బైండుల సంగతి ఇంకా బాధ. 1908లో కాశీనాథుని నాగేశ్వరరావు గారు బొంబాయిలో ఆంధ్రపత్రిక మొదలుపెట్టిన నాటి నుంచి ఎందరి కష్టమో తెలుగు పత్రికా రంగం. 1948 ఆగస్టులో ఒక రాత్రి హైదరాబాద్‌లో ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు దాడి చేసి చంపారు. రాసినందుకు ప్రాణం పోగొట్టుకున్న ఆయన గురించి మా గ్రంథాలయంలో ఒక్క పుస్తకం లేదు. జర్నలిజం చదివే పిల్లలు తెలుగులో పత్రికల చరిత్ర పుస్తకం అడిగితే ఇవ్వడానికి ఒక అర నిండా కూడా లేవు. ఉన్న ఆధారం ఈ బైండులే. ప్రెస్ అకాడమీ ఎన్నో పాత పత్రికలను స్కాన్ చేయించింది, సంతోషం. జిల్లా ఎడిషన్లు, చిన్న ఊళ్ల వారపత్రికలు ఎవరు స్కాన్ చేశారు? 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం పల్లెటూళ్లో ఉండి పాత పత్రికలను కాపాడుకుంటూ వస్తోంది. జిల్లా కేంద్రంలో, ఏసీ గదులు ఉన్నచోట అది చేతకాదా?

డబ్బు లేదంటారు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా మన దగ్గర వసూలు చేస్తూనే ఉన్నారు. 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం అది గ్రంథాలయాలకు చేరాలి. స్థానిక సంస్థలు బకాయి పెట్టాయని ఏళ్ల తరబడి చదువుతూనే ఉన్నాం, మీ పత్రికలోనే. లైబ్రేరియన్ రిటైరైతే ఆ కుర్చీ ఖాళీ. ఇన్‌చార్జి గారికి నాలుగు శాఖా గ్రంథాలయాలు, ఏ ర్యాకులో ఏముందో ఆయనకు తెలిసే వీలే లేదు. రిజిస్టరు తెరిచి చూడకుండా, పాఠకులను ఒక్కమాట అడగకుండా, దుమ్ము పట్టింది కాబట్టి పనికిరానిదని తీర్మానించారు. 1914లో బెజవాడలో తొలి గ్రంథాలయ మహాసభ జరిపినవాళ్లు ఇంటింటికీ తిరిగి పుస్తకాలు అడిగి తెచ్చిన గడ్డ ఇది. అలా దానంగా వచ్చిన పుస్తకాలు ఆ కట్టల్లో ఎన్ని ఉన్నాయో! ఇచ్చినవాళ్ల పిల్లలకైనా కబురు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

పోటీ పరీక్షలకు చదివే పిల్లలంటే నాకు కోపం లేదు. పొద్దున్నే టిఫిన్ డబ్బాతో వచ్చి రాత్రి తలుపులు వేసేదాకా కూర్చునే వాళ్ల టెన్షన్ నాకు తెలుసు, వాళ్లకు హాలు కావాల్సిందే. అదే ఆవరణలో తాళం వేసిన గదులు రెండు ఉన్నాయి. వాటిలో విరిగిన కుర్చీలు, పాత ఎన్నికల బోర్డులు పెట్టారు. వాటిని తీసేస్తే ఈ పుస్తకాలన్నీ పడతాయి.

జిల్లా గ్రంథాలయ సంస్థను నేను అడిగేది ఇంతే. అమ్మకం ఫైలు ఆపండి. తొలగించిన ప్రతి పుస్తకం పేరు, రచయిత, ప్రచురించిన సంవత్సరం రాసి నోటీసు బోర్డులో పెట్టండి. అచ్చులో లేనివి, బైండులు పక్కన పెట్టి స్కానింగ్‌కు పంపండి. రెండేసి మూడేసి కాపీలు ఉన్నవి శాఖా గ్రంథాలయాలకు ఇవ్వండి. జాబితా రాయడానికి మనిషి లేడంటే నాలాంటి రిటైరైనవాళ్లం జీతం లేకుండా వచ్చి కూర్చుంటాం. మీ విలేకరిని కూడా ఒకసారి పంపించండి. ఆ బైండుల్లో మీ పత్రికవి కూడా ఉన్నాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు