పాత నిబంధన అధ్యయన సహవాసం, చిత్తూరు: 2025 వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన సభ్యులకు, రాకపోయినా వాట్సాప్‌లో ఈ కాగితం చూసే మిగతా వారికి ప్రభువు నామమున వందనములు.

పోయిన సమావేశంలో తీర్మానించుకున్న ప్రకారం 2025లో మనం చదవాల్సినవి యోబు, రూతు, హబక్కూకు, నెహెమ్యా గ్రంథాలు. రూతు సగంలో ఆగింది. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయం మాత్రం పట్టికలో లేకుండానే మధ్యలో వచ్చి కూర్చుంది, ఎందుకో కింద చెబుతాను. సహవాసం ఉద్దేశాలు అందరికీ తెలిసినవే కాబట్టి మళ్లీ రాయడం లేదు.

ముందు కృతజ్ఞతలు. గురువారం కూడికలకు హాలు ఇచ్చి కరెంటు బిల్లు కూడా అడగని సంఘ పెద్దలకు. మన ప్రశ్నలకు ఓపికగా జవాబు చెప్పి, తెలియని చోట ‘చూసి చెబుతా’ అని నిజంగానే చూసి వచ్చి చెప్పిన పాస్టరయ్యగారికి. వానొచ్చినా తప్పకుండా అల్లం టీ పంపిన అమ్మగారికి. మైకు, కుర్చీలు సగం బాడుగకే ఇచ్చిన గిరింపేట సప్లయర్స్ అన్నకు (ఆయన మన సంఘం కాదు, మన మతమూ కాదు, అయినా యోబు పఠనం రోజు వెనక వరసలో కూర్చుని చివరిదాకా విన్నారు). వేలూరు ఆస్పత్రికి రోగులను తీసుకుపోయినప్పుడల్లా డీజిల్ ఖర్చు మాత్రమే పుచ్చుకున్న కారు తమ్ముడికి. స్త్రీల సమాజం అక్కయ్యలకు. నోటీసులు ఉచితంగా కొట్టిచ్చిన సంతపేట ప్రింటింగ్ ప్రెస్ వారికి మనందరి తరఫున వందనాలు. పేరు మరిచిపోతే కోపగించుకుంటారని ఈసారి ఎవరి పేర్లూ రాయలేదు.

ఈ ఏడాది నలుగురిలో గర్వంగా చెప్పుకోదగ్గ పని యోబు గ్రంథ పఠనం. నలభై రెండు అధ్యాయాలూ ఒక్క పూటలో, ప్రసంగం లేకుండా, పాటలు లేకుండా, గొంతులు పంచుకుని చదివాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెడితే దీపాల వేళ అయింది. యోబు మాటలు మన రిటైర్డ్ హెడ్మాస్టరు గారు చదివారు. కష్టాల్లో ఉన్న యోబును ఓదార్చడానికొచ్చి తప్పుపట్టిన స్నేహితులు ఎలీఫజు, బిల్దదు, జోఫరుల భాగాలు ముగ్గురు సంఘ పెద్దలు తీసుకున్నారు. అందులో హాస్యం వారికి కూడా అర్థమైంది. సుడిగాలిలో నుంచి వచ్చే దేవుని మాటలు స్త్రీల సమాజంలో అందరికన్నా పెద్దదైన అవ్వ చదివింది. ఆడమనిషి ఆ మాటలు చదవడమేమిటని కమిటీలో ఒక సాయంత్రమంతా వాదన జరిగింది. ‘అంత గట్టిగా చదవగలిగిన గొంతు మగవాళ్లలో ఉంటే చూపించండి’ అని అధ్యక్షులవారు తేల్చేశారు. కొండమేకలు ఈనే కాలం నీకు తెలుసా అని ఆమె అడుగుతుంటే హాలు సద్దుమణిగింది. గుడ్లు నేలమీద పెట్టి మరిచిపోయే నిప్పుకోడి దగ్గర మాత్రం సండే స్కూలు పిల్లలు పకపకా నవ్వారు.

ఆ ముగ్గురూ ఊరుకున్నాక మాట్లాడే యువకుడు ఎలీహు భాగం, అంటే 32 నుంచి 37 అధ్యాయాల దాకా, ఒక యవ్వనస్థుడికి ఇచ్చాం. ఆయన రాలేదు, ఫోనూ ఎత్తలేదు. ఆ ఆరు అధ్యాయాలూ నేనే చదివాను. గ్రంథంలో కూడా ఎలీహు ఎక్కణ్ణుంచి వచ్చాడో ముందు చెప్పరు, చివర్లో దేవుడు లెక్క తేల్చేటప్పుడు అతని పేరెత్తరు కాబట్టి ఆ తమ్ముడి సంగతి నేనూ ఇంతటితో వదిలేస్తున్నాను.

అసలు చెప్పాల్సింది వేరే ఉంది. బిల్దదు భాగం నడుస్తోంది. ‘మొదట నీ స్థితి కొద్దిగా ఉన్నా తుదకు మహాభివృద్ధి పొందుతావు’ అన్న మాట రాగానే హాల్లో సగం మంది ‘ఆమేన్’ అన్నారు. ఎందుకనరు? మన ఇళ్లలో క్యాలెండర్ల మీద, కొత్త షాపు ప్రారంభపు కార్డుల మీద, ఆటోల వెనక ఉండే వాక్యమే అది. కానీ అదే ఎనిమిదో అధ్యాయంలో దానికి మూడు వచనాల పైన బిల్దదు ఏమన్నాడు? ఏడుగురు కొడుకులనూ ముగ్గురు కూతుళ్లనూ ఒక్క రోజున పోగొట్టుకున్న తండ్రితో, నీ పిల్లలు పాపం చేశారు గనకే ఆయన వాళ్లను దానికి అప్పగించాడు అన్నాడు. ఆ మాటకు తోకగా వచ్చిందే మన క్యాలెండరు వాక్యం. ఆఖరి అధ్యాయంలో దేవుని కోపం ఎవరి మీద రగిలింది? పుట్టిన రోజును శపించుకుని, నాతో వ్యాజ్యెమాడమని పైకి కేక వేసిన యోబు మీద కాదు. దేవుని పక్షాన వాదించామనుకున్న ఆ ముగ్గురి మీద. పఠనం అయ్యాక జరిగిన చర్చలో హెడ్మాస్టరు గారు అన్నది మినిట్స్‌లో రాశాను: ‘మన ఆదరణ కూడికల్లో మనం చెప్పే మాటల్లో సగం ఎలీఫజువి, మిగతా సగం బిల్దదువి.’

ఆ ముగ్గురూ సరిగ్గా చేసిన పని ఒక్కటుంది. వచ్చీ రాగానే నేల మీద కూర్చుని ఏడు పగళ్లూ ఏడు రాత్రులూ నోరు మెదపలేదు. యూదుల ఇళ్లలో మరణం జరిగితే ఇప్పటికీ ఏడు దినాలు కూర్చుంటారు. పలకరించడానికి వచ్చినవాళ్లు ఇంటివాళ్లు నోరు తెరిచేదాకా తాము మాట్లాడకూడదన్నది వాళ్ల ఆచారం. దాన్ని పట్టుకుని కమిటీ తీర్మానం చేసింది: చావు జరిగిన ఇంటికి మన సహవాసం తరఫున మొదటిసారి వెళ్లినప్పుడు వాక్యం చెప్పకూడదు, ‘దేవుని చిత్తం’ అనకూడదు, ఫలానా ఇంట్లో ఇంతకన్నా ఘోరం జరిగిందని పోల్చకూడదు. ఇద్దరికి మించి వెళ్లకూడదు. కూర్చోవాలి.

ఈ నియమం కాగితం మీద తేలిక. మన సభ్యుల్లో ఒకరింట ఎదిగొచ్చిన కొడుకు బైకు ప్రమాదంలో పోయాడు. మనవాళ్లు ఇద్దరక్కయ్యలు వెళ్లారు. ఆ తల్లి వరండాలో చాట ముందు పెట్టుకుని తెల్లగడ్డలు ఒలుస్తూనే ఉంది, తలెత్తలేదు. ఒక అక్క పక్కన కూర్చుని తానూ నాలుగు పాయలు తీసుకుని ఒలవడం మొదలుపెట్టింది. చాట సగమయ్యేదాకా ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు ఆమే అంది, ‘వాడు చారులో తెల్లగడ్డ లేకుంటే కంచం జరిపేసేవాడక్కా’ అని. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడింది, దేవుణ్ణి కూడా నిలదీసింది. మనవాళ్లు సర్దిచెప్పలేదు. రెండు వారాల తర్వాత ఆమే అడిగింది ఏదైనా కీర్తన చదవమని. 88వ కీర్తన చదివారు. ఊరటతో ముగియకుండా చీకటి దగ్గరే ఆగిపోయే కీర్తన అది. కొందరు సభ్యులు దీనికి అభ్యంతరం చెప్పారు, ఊరటనిచ్చే 23వ కీర్తన చదవొచ్చు కదా అని. చదవొచ్చు. కానీ ఆమె అడిగిన రోజున ఆమెకు సరిపోయింది ఇదే, ఈ విషయంలో నేను కమిటీ పక్షానే ఉన్నాను.

హబక్కూకు వంతు సరిగ్గా మామిడి కాలంలో వచ్చింది. అంజూరం పూయకపోయినా, చేను పండకపోయినా, దొడ్డిలో గొర్రెలు లేకపోయినా ఆనందిస్తానన్న మూడో అధ్యాయం చదువుతుంటే తవణంపల్లె నుంచి వచ్చే రైతు సభ్యుడు లేచి, ‘అయ్యా, ఆయనది కాపు లేని కష్టం. మాది కాపు ఎక్కువైన కష్టం, దానికి వాక్యం ఎక్కడుంది?’ అన్నారు. జూన్, జులైల్లో బెంగళూరా మామిడి కాయలతో ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి నిలబడ్డ సంగతి మీరంతా చూశారు. కిలోకు ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి 12 అని చెప్పారు. ఆ 8 ఎందరికి దక్కిందో రైతుల్నే అడగాలి. ఆయన ప్రశ్నకు పాస్టరయ్యగారు ఆ వారం జవాబివ్వలేదు. పై వారం వచ్చి, హబక్కూకు మొదటి అధ్యాయం తెరిచి, ఆ ప్రవక్త మొదటి మాటే ‘ఎన్నాళ్లు మొరపెట్టాలి’ అన్న ఫిర్యాదనీ, న్యాయం వంకర తిరిగిందన్నదే అతని కష్టమనీ, మూడో అధ్యాయానికి చేరేవాళ్లు మొదటిది దాటి రావాల్సిందేననీ చెప్పారు. స్త్రీల సమాజం వారు మజ్జిగ, పులిహోర పొట్లాలు కట్టుకుని బంగారుపాళెం దారిలో క్యూలో ఉన్న ట్రాక్టర్ల దగ్గరికి తీసుకెళ్లారు. పొట్లాలు కట్టడానికి వస్తామని గ్రూపులో చేతులు జోడించిన బొమ్మలు పెట్టినవాళ్లలో వంటగది దాకా వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే.

ఇక ద్వితీయోపదేశకాండము. గ్రూపు లోన్లు తీసుకున్న మన అక్కచెల్లెళ్లలో కొందరికి వారపు కంతు తప్పితే వసూలుకు వచ్చినవాళ్లు ఇంట్లో కుర్చీ వేసుకుని కూర్చుని రాత్రిదాకా కదలడం లేదని తెలిసింది. 24వ అధ్యాయంలో అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి పోకూడదు, బయట నిలబడాలి అని ఉంది. తిరగలి గానీ దాని పైరాయి గానీ తాకట్టు పట్టకూడదు, బీదవాడి వస్త్రం పొద్దు గూకేలోగా తిరిగి ఇచ్చేయాలి అనీ ఉంది. ఇలాంటి అప్పులకు రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన మార్గదర్శకాలూ ఇంచుమించు ఆ దారిలోనే ఉన్నాయి: వసూలు ఇద్దరూ ఒప్పుకున్న చోటే జరగాలి, అప్పు తీసుకున్నవారు వరసగా రెండుసార్లు అక్కడికి రాకపోతేనే వసూలుకు ఇంటికి రావాలి, ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్లు చేయకూడదు. బెదిరింపు, తిట్లు అసలే కూడదు. ఈ రెండూ ఒకే కాగితం మీద అటూ ఇటూ కొట్టించి పంచాం. ఆ కాగితం చూపించాక ఒకరింట్లో కుర్చీ గడప బయటికి వెళ్లిందని విన్నాం. అప్పు మాత్రం అప్పే, కట్టాల్సిందే, దాని గురించి ఎవరికీ అపార్థం వద్దు.

సాయం అందుకున్నవారి ఫోటోలు గ్రూపులో పెట్టవద్దని ఇప్పటికే పలుమార్లు చెప్పాం. అప్పులవాడు కొడుకులను పట్టుకుపోతాడని ఏడ్చిన విధవరాలితో ఎలీషా ప్రవక్త, నువ్వు నూనె పోసేటప్పుడు తలుపు మూసుకో అన్నాడు. మనం తలుపు తీసి ఫ్లాష్ వేస్తున్నాం.

సమాధుల తోట ప్రహరీ ఈశాన్య వానలకు ఒక పక్క కూలింది. అర్జీ ఇచ్చాం. ఇచ్చినచోట అది లేదంటే మళ్లీ ఇచ్చాం. ‘సారు మీటింగులో ఉన్నారు’ అన్న జవాబు మాత్రం ఏ రోజూ తప్పలేదు. చివరికి ఇటుకలు మనమే ఏరి పేర్చుకుంటున్నాం, పశువులు లోపలికి రాకుండా తాత్కాలికంగా కంప కట్టాం. అప్పుడు నడుస్తున్నది నెహెమ్యా మూడో అధ్యాయం. కూలిన యెరూషలేము గోడను ఎవరు ఏ గుమ్మం దగ్గర కట్టారో పేరుపేరునా రాసిన జాబితా అది, చదువుతుంటే నిద్ర వస్తుందని ఏటా అంటారు. ఈసారి రాలేదు. బంగారు పనివాళ్లున్నారు, కూతుళ్లతో కలిసి కట్టిన షల్లూము ఉన్నాడు. తెకోవ ఊరివాళ్లు కట్టారు గానీ వాళ్ల పెద్దలు మెడ వంచలేదని కూడా రాసి పెట్టారు. ఆ తెకోవ వాళ్లే తర్వాత ఇంకో భాగం కూడా కట్టారు. మన శనివారం శ్రమదానానికి వచ్చిన వారి పేర్లు హాజరు పుస్తకంలో ఉన్నాయి, రాని వారివి లేవు. కమిటీ సభ్యులు కూడా ఒకసారి ఆ పుస్తకం తిరగేస్తే మంచిది.

జమాఖర్చుల పట్టిక కోశాధికారి గారు చదువుతారు. ఆడిట్ అయింది. వేలూరు ప్రయాణాలకు అనుకున్నదానికన్నా ఎక్కువ అయింది, నోటీసులకు తక్కువ. చందా బాకీలున్నవారి పేర్లు బయట పెట్టవద్దని అధ్యక్షులవారు చెప్పినందువల్ల పెట్టలేదు.

వచ్చే ఏడాది రూతు మిగిలిన సగం, ఆ తర్వాత యిర్మీయా. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం ఉండగా, ఆ ప్రవక్త తాను చెరసాలలో ఉండి, అనాతోతులో పొలాన్ని పదిహేడు తులాల వెండికి కొని పత్రం రాయించుకున్న 32వ అధ్యాయంతో మొదలుపెడదామని పాస్టరయ్యగారి ఆలోచన. పొలం రిజిస్ట్రేషన్ల సంగతి తెలిసిన సభ్యులు ఆ వారం తప్పక రావాలి, ప్రశ్నలుంటాయి.

కార్యదర్శి పదవికి ఈసారి వేరే పేర్లు ప్రతిపాదించమని కోరుతున్నాను. పోయినసారీ ఇదే కోరాను. ప్రహరీ పని వచ్చే శనివారం పొద్దున ఏడింటికి. గడ్డపారలు రెండే ఉన్నాయి, ఇంట్లో ఉన్నవారు తెచ్చుకోండి. టిఫిను అక్కడే.

ఇట్లు,
కార్యదర్శి