ఏ టర్బో సరిపోతుందో చెప్పమంటే "మోడల్ ఏంటి సార్" అన్న కంపెనీకి

అంబాజీపేట,
కోనసీమ జిల్లా.

కస్టమర్ కేర్ పెద్దగారికి (అలాంటివారు ఒకరున్నారని నమ్మి రాస్తున్నాను),

విషయం: 4 ఫిర్యాదులు, ఒక టర్బో, సున్నా జవాబులు.

అయ్యా,

ముందే చెబుతున్నాను, ఈ ఉత్తరంలో టర్బో (ఇంజనులోకి గాలిని ఒత్తి ఎక్కించే యంత్రం) కొలతలు రాయను. అవి మీకు రెండుసార్లు మెయిల్లో పంపాను, ఒకసారి వాట్సాప్‌లో పెట్టాను, ఒకసారి ఫోన్లో ఒక్కో అంకే చదివి వినిపించాను. ఫోన్లో రాసుకున్న అమ్మాయి అంతా విని, "రాసుకున్నాను సార్" అని, ఒక్క క్షణం ఆగి, "మీ కారు మోడల్ ఏంటి సార్?" అంది. పావుగంట సేపు నేను చెప్పిందేంటో, ఆవిడ రాసుకున్నదేంటో ఆ కోటిపల్లి సోమేశ్వరుడికే తెలియాలి.

మా ఇంటికీ మీ కంపెనీకీ సంబంధం ఈనాటిది కాదండి. మా నాన్నగారు కొబ్బరికాయల లోడ్లు తోలే రోజుల నుంచీ మా లారీలకు మీ టర్బోయే. లారీ నల్లపొగ కక్కుతూ లోడు లాగలేక చతికిలబడితే, పాత టర్బో విప్పి, దాని పొట్ట మీదున్న ప్లేటు గుడ్డతో తుడిచి, నంబరు కాగితం మీద రాసుకుని రాజమండ్రి వెళ్ళేవారు. అప్పట్లో మీ డీలరు కొట్లో ఒక పెద్దాయన ఉండేవారు. నంబరు చూసి ఊరుకునేవారు కాదు. ఏ లోడు, ఎంత బరువు, ఘాట్ రోడ్డు ఎక్కుతుందా, ఆయిలు ఎప్పుడు మార్చారు, ఇన్ని అడిగేవారు. ఆయిలు గొట్టం బాగుచేయకుండా కొత్తది బిగిస్తే ఇదీ పోతుందని తిట్టి మరీ పంపేవారు. ఆ తిట్లు తిన్న ఇల్లు మాది. మీ డబ్బాలు ఇప్పటికీ మా షెడ్డులో మేకులు, నట్లు వేసుకోవడానికి పనికొస్తున్నాయి. కావాలంటే ఫోటో పంపుతాను. టర్బో ఫోటోలు ఎలాగూ చూడరు, డబ్బా ఫోటో అయినా చూడండి.

ఇక నా గొడవ. నా దగ్గర పాత మారుతీ ఎస్టీమ్ కారు ఉంది. 1300 సీసీ పెట్రోలు ఇంజను, కంపెనీ నుంచి టర్బో లేకుండా వచ్చిన బండి. ఇంజను పూర్తిగా విప్పి లోపల పనులన్నీ చేయించి, టర్బో పెట్టాలనుకున్నాను. దసరాకు మీకు ఫోన్ చేశాను. లారీకైతే పాత టర్బో ప్లేటు మీద నంబరు ఉంటుంది. మార్చిన ఇంజనుకు ఏ ప్లేటు ఉంటుందండి? అందుకే అడిగాను. టర్బో చిన్నదైతే ఇంజను జోరందుకున్నాక ఊపిరాడదు, పెద్దదైతే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు నిద్ర లేవదు. మధ్యలోది ఏదో చెప్పమన్నాను. నేను అడిగిన ప్రశ్న అదొక్కటే.

మీ మనిషి ఏమన్నాడంటే, "ఇది యూనివర్సల్ సార్, పెర్ఫార్మెన్స్ మోడల్, అన్ని ఇంజన్లకూ సెట్ అవుతుంది." 58,000 రూపాయలు కట్టించుకున్నాడు. మా ఊళ్ళో అన్ని కాళ్ళకూ సరిపోయే చెప్పు కూడా దొరకదు. అయినా నమ్మాను, మీ పేరు చూసి.

దీపావళికి బిగించాం. 4500 ఆర్‌పీఎం దాటితేగాని (ఇంజను నిమిషానికి అన్ని చుట్లు తిరిగితేగాని) బూస్ట్, అంటే టర్బో ఎక్కించే అదనపు గాలి ఒత్తిడి, రాదు. అంబాజీపేట నుంచి అమలాపురం దాకా ఆ రోడ్డు మీద 4500 దాటించే చోటు మీరే చూపించండి. ఒక స్పీడు బ్రేకరు, ఒక గేదె, ఒక కొబ్బరికాయల ట్రాక్టరు, మళ్ళీ స్పీడు బ్రేకరు. బూస్ట్ మొదలయ్యేలోపు ఊరొచ్చేస్తుంది. పంటబోదెకు ధవళేశ్వరం బ్యారేజీ గేటు బిగించినట్టుందని మా మేస్త్రి అన్నాడు. అయినా సరే, ఇక్కడిదాకా నాకు కోపం లేదండి. సామాను తప్పు రావడం వ్యాపారంలో ఉన్నదే, లారీలు తోలిన ఇంట్లో పుట్టినవాణ్ణి, నాకు తెలీదా. కోపమంతా ఆ తర్వాతి సంగతి.

మొదటిసారి ఫోన్ చేశాను. తెలుగు కోసం 4 నొక్కమంది. నొక్కాను. హిందీలో పలికారు. ఇరవై నిమిషాలు పాట వినిపించి, "మీ కాల్ మాకు చాలా ముఖ్యం" అని తెలుగులో రికార్డు వేశారు. మీ కంపెనీలో తెలుగు వచ్చింది ఆ రికార్డుకు ఒక్కదానికే అనుకుంటా. చివరికి ఒకాయన లైన్లోకి వచ్చి మోడల్ అడిగాడు. చెప్పాను. "ఆ మోడల్ మా లిస్టులో లేదు సార్" అన్నాడు. లిస్టులో లేదు కాబట్టే మీకు ఫోన్ చేశానన్నాను. "లిస్టులో ఉన్న మోడల్ ఏదైనా చెప్పండి సార్, టికెట్ వేస్తాను" అన్నాడు. టికెట్ అంటే ఫిర్యాదు నమోదట. సరే అని ఏదో డీజిల్ కారు పేరు చెప్పాను. మూడు రోజుల తర్వాత మెసేజ్ వచ్చింది: ఈ టర్బో మీరు చెప్పిన డీజిల్ కారుకు సరిపోదు, టికెట్ మూసివేయడమైనది. ఇంతకంటే వేగంగా మీ కంపెనీ పని చేసిన సందర్భం నేను చూడలేదు.

రెండోసారి మెయిల్ పెట్టాను. లెక్క నేనే వేసి పంపాను. 1300 సీసీ ఇంజను 6500 ఆర్‌పీఎం దగ్గర, 7 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) బూస్ట్ మీద, చల్లార్చిన గాలి నిమిషానికి సుమారు 13 పౌండ్లు తీసుకుంటుంది. ఆ గాలికి దాదాపు 130 గుర్రాల బలం రావాలి. ఇదేమీ రాకెట్ లెక్క కాదు, కాగితం పెన్సిలుంటే చాలు. ఆ 13 పౌండ్లు మీ టర్బో హాయిగా ఊదే చోట పడుతున్నాయో, అంచున పడుతున్నాయో చూసుకోవడానికి కంప్రెసర్ మ్యాప్, అంటే టర్బో ఎంత ఒత్తిడి దగ్గర ఎంత గాలి ఊదగలదో చూపే పటం, పంపమన్నాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. తెరిచి చూస్తే రాజమండ్రిలో మీ డీలరు కొట్టుకు దారి చూపించే గూగుల్ మ్యాప్. కింద "ఇంకేమైనా సహాయం కావాలా?" అని. అయ్యా, రాజమండ్రికి దారి మాకు మీరు చెప్పాలా? గోదావరి దాటడం మాకు పుట్టినప్పటి నుంచీ అలవాటే.

నవ్వకండి. మా ఇంట్లో అందరూ నవ్వారు, మా ఆవిడతో సహా.

మూడోది కార్తీక సోమవారం. మా అమ్మను తీసుకుని కోటిపల్లి బయల్దేరాను. ముక్తేశ్వరం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కాం, నది మధ్యలోకి వచ్చాం. ఫోన్ మోగింది. మీ సీనియర్ ఇంజనీరట. ఆరు వారాల్లో మొదటిసారి ఒక ఇంజనీరు నాతో మాట్లాడుతున్నాడు కదా అని, మోటారు చప్పుడుకు ఒక చెవి మూసుకుని, పంటు అంచుకు వెళ్ళి నిలబడ్డాను. ఆయన మంచివాడే, ఒప్పుకుంటాను. మొదటి ప్రశ్న కంప్రెషన్ రేషియో (ఇంజను గాలిని ఎన్నింతలు నొక్కుతుందో చెప్పే లెక్క) గురించి వేశాడు. ప్రాణం లేచొచ్చింది. చెప్పాను. రెండోది, "ఎగ్జాస్ట్ హౌసింగ్ మీద ఏ బై ఆర్ ఎంత రాసి ఉంది సార్?" అన్నాడు. అంటే టర్బో పొగ వైపు డొప్ప సైజు చెప్పే అంకె. అదీ చెప్పబోయేలోపు సిగ్నల్ పోయింది. ఒడ్డుకు దిగగానే అదే నంబరుకు చేశాను. "ఈ నంబరుకు ఇన్‌కమింగ్ సదుపాయం లేదు." ఆయన పేరడిగితే మీవాళ్ళు చెప్పలేదు, గోప్యత అట. ఆ తర్వాత నా టికెట్ మీద ఏం రాశారో తెలుసాండి? "కస్టమర్ స్పందించలేదు. మూసివేయడమైనది." మా అమ్మ గుళ్ళో దీపం వెలిగిస్తూ, ఆ ఇంజనీరు మళ్ళీ ఫోన్ చేయాలని మొక్కుకుంది. సోమేశ్వరుడు విన్నాడేమో గానీ మీ కాల్ సెంటర్ వినలేదు.

ధనుర్మాసంలో మీ మ్యాప్‌నే నమ్ముకుని రాజమండ్రి వెళ్ళాను. టర్బో విప్పి గోనెసంచిలో కట్టి, రావులపాలెం వెళ్ళే బస్సెక్కాను. కండక్టరు సంచిలో ఏంటన్నాడు. ఇనుము అన్నాను. లగేజీ కొట్టాడు. కొట్లో ఆ పెద్దాయన లేరు, ఇప్పుడో కుర్రాడున్నాడు. గోనె విప్పకుండానే చేత్తో ఎత్తి చూసి, "బరువుంది సార్, మంచి మాలే" అన్నాడు. విప్పించి ప్లేటు చూపించాను. కంప్యూటర్లో నంబరు కొట్టి, "నంబరు కరెక్టే సార్, ఈ నంబరుకు ఇదే టర్బో" అన్నాడు. ఈ నంబరుకు ఇదే టర్బో అని నాకూ తెలుసు బాబూ, నా ఇంజనుకు ఇదేనా అని అడుగుతున్నాను అన్నాను. అతను నా వైపు జాలిగా చూసి, మంచినీళ్ళు ఇప్పించాడు. మీ కంపెనీ మొత్తం మీద నాకు దక్కిన సేవ ఆ గ్లాసుడు నీళ్ళే, ఆ కుర్రాడికి ఇందుమూలంగా కృతజ్ఞతలు.

నాలుగోది సంక్రాంతి వెళ్ళాక. ఈసారి మేనేజరు గారు. ఆయనకు ఓపిక తక్కువ, చట్టం ఎక్కువ. నా బండి మోడిఫై చేసిన బండి కాబట్టి వారంటీ వర్తించదన్నారు. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చినదాన్ని మార్చకూడదని నాకు పాఠం చెప్పారు. బాగుంది. ఆ డబ్బా మీద "మోడిఫైడ్ ఇంజన్ల కోసం ప్రత్యేకం" అని అచ్చు వేసింది ఎవరండి, నేనా? 58,000 తీసుకున్న రోజు ఆ సెక్షన్ సెలవులో ఉందా? నా బండి కాగితాల సంగతి నేనూ రవాణా శాఖవాళ్ళూ చూసుకుంటాం. మీరు టర్బో సంగతి చూడండి. ఒకసారి బిగించింది వాపసు తీసుకోం అని కూడా అన్నారు. బిగించకుండా సరిపోతుందో లేదో తెలిసే ఒకే ఒక్క దారి మీరు ముందే చెప్పడం, అదే కదా నేను అడిగింది!

ఆ ఫోన్ పెట్టేసిన నిమిషానికి మెసేజ్: మా సేవకు 5 నక్షత్రాలు ఇవ్వండి. ఒకటి ఇస్తే, "మీ అసౌకర్యానికి కారణం రాయండి" అని 100 అక్షరాల గడి ఇచ్చారు. కోటిపల్లి రేవు దాకా కూడా రాలేకపోయాను.

మీకు తెలియకపోతే చెబుతున్నాను. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం నేను మీ హెడ్డాఫీసు ఉన్న ఊరు రానక్కర్లేదు, నేనున్న చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేసుకోవచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు కూడా లేదు. గడువు రెండేళ్ళు, నాకింకా చాలా టైముంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే ఫోన్ చేశాను, వాళ్ళు మాత్రం మోడల్ అడగలేదు. ఇవన్నీ అలా ఉంచి, అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు నుంచి రోజూ కదిలే లారీల ఓనర్లలో సగంమంది మా నాన్నగారికి తెలిసినవాళ్ళే. మీ టర్బోకు బంతిపూల దండ వేసి, "ఇది అన్నిటికీ సరిపోతుంది" అని బోర్డు కట్టి, మా షెడ్డు గుమ్మంలో వేలాడదీస్తాను. లోడు కట్టించుకోవడానికి వచ్చిన ప్రతి డ్రైవరూ చూస్తాడు. బంతిపూలు కడియంలో చవకే.

డబ్బు వాపసు ఇస్తారో, సరైన టర్బో ఇచ్చి దీన్ని తీసుకెళతారో మీ ఇష్టం, 15 రోజుల్లో ఏదో ఒకటి తేల్చండి. కానీ దానికంటే ముందు ఆ పంటు మీద మాట్లాడిన ఇంజనీరుగారి చేత ఒక్కసారి ఫోన్ చేయించండి. రెండో ప్రశ్నకు జవాబు ఇంకా నా దగ్గరే ఉంది. సోమవారం మాత్రం వద్దు. అమ్మతో కోటిపల్లి వెళుతుంటాను, నది మధ్యలో సిగ్నల్ ఉండదు.

ఇట్లు,
మీ 4 మూసేసిన టికెట్ల కస్టమరు.

జతచేసినవి: బిల్లు, 4 టికెట్ల మెసేజ్‌లు, మీరు పంపిన రాజమండ్రి మ్యాప్, గోనెసంచికి కొట్టిన లగేజీ టికెట్టు.