విమానంలో కారని కలం

సంపాదక మహాశయా,

ప్రయాణానికి కలం కొనేవారు జేబులో పడుతుందా లేదా అన్నదే చూస్తారు గాని, విమానంలో కారుతుందా అన్నది అంతకంటే ముఖ్యమని నా గట్టి అభిప్రాయం. విమానం పైకి లేచేకొద్దీ క్యాబిన్‌లో గాలి పీడనం సుమారు 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తులో ఉండే స్థాయికి తగ్గుతుంది కాబట్టి, సగం ఖాళీ అయిన ఇంకు పెన్నులోని గాలి వ్యాకోచించి సిరాను పాళీ మీదుగా మూతలోకి నెడుతుంది. నిండా సిరా నింపి, పాళీ పైకి ఉండేలా నిలబెడితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. అంత శ్రద్ధ తీసుకోలేనివారికి, 1968లో అపోలో 7 వ్యోమగాములు తీసుకెళ్లిన ఫిషర్ స్పేస్ పెన్‌లా, ఒత్తిడితో నింపి మూసిన రీఫిల్ ఉన్న బాల్‌పెన్నే మేలు. మరీ పొట్టి పెన్ను మాత్రం చేతిలో నిలవదు. మూతను వెనక తగిలిస్తే మామూలు పొడవుకు వచ్చేదాన్నే ఎంచుకోవాలి.

– ఒక పాఠకుడు