మోకాలి దాకా చాలు

భీమవరం,
మే 14

చి. పండుకి నాన్న ఆశీస్సులు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. పెరట్లో కొత్తపల్లి కొబ్బరి మామిడి ఈ ఏడు విరగకాసింది. ఆవకాయ పెట్టేశారు, నీ జాడీ వేరే తీసి ఉంచింది మీ అమ్మ. బుజ్జిగాడి పరీక్షలయ్యాయి. నువ్వు ఫోన్ చేసి పదకొండు రోజులైంది. లెక్కపెట్టింది నేను కాదు, మీ అమ్మే.

నిన్న రాజ్యం పిన్ని వచ్చి ఫోన్లో ఓ ఫొటో చూపించింది. హిమాచల్‌లో తీర్థన్ నదిలో నడుం లోతు నీళ్లలో నువ్వు, చేతిలో గాలం కర్ర. దాని గురించి ఏమీ రాయను, పెద్దదానివి. మీ నాన్న ఉద్యోగమంతా చేపలతోనే గడిచింది కనక అక్కడి కొండ ఏటి చేప ట్రౌట్ గురించి మాత్రం నాలుగు ముక్కలు.

ముందు నీళ్ల వేడి చూడాలి. మన చెరువుల్లో శీలావతి 30 డిగ్రీల్లో కూడా మేత తింటుంది. ట్రౌట్ 10 నుంచి 16 మధ్యే చురుగ్గా ఉంటుంది, 20 దాటితే మేత ముట్టదు. చల్లటి నీళ్లే ఆక్సిజన్ ఎక్కువ పట్టుకుంటాయి. సముద్రమట్టం లెక్కన 10 డిగ్రీల దగ్గర లీటరుకు 11 మిల్లీగ్రాములు, 30 దగ్గర ఏడున్నర. ఇక్కడ తెల్లారుజామున చేపలు తలలు తేలేస్తే నీళ్లలోకి గాలి కలిపే ఏరేటర్లు తిప్పుతాం, అక్కడ రాళ్ల మీంచి దూకే నీళ్లే ఏరేటర్లు. 18 దాటిన రోజున గాలం వెయ్యకు. పట్టి వదిలినా ఆ చేప బతకడం కష్టం.

ట్రౌట్ ఎప్పుడూ ఏటి పోటుకి, అంటే ప్రవాహానికి, ఎదురుగా తలపెట్టి నిలబడుతుంది. మేత పైనుంచి కొట్టుకొస్తుంది కదా. ఏటి మధ్యలో వడిలో ఉండదు. పెద్ద బండ వెనకో, వడినీళ్లూ నిదాన నీళ్లూ కలిసే గీత పక్కనో కనిపెట్టుకుని ఉంటుంది. దాని చూపు అందనిది వెనకే. అందుకని దిగువ నుంచి వంగి నడుస్తూ ఎగువకి విసరాలి. ఫొటోలో నువ్వు ఎగువన నిలబడి దిగువకి విసురుతున్నావు. నీ కాళ్ల కింద లేచిన బురదే నీకన్నా ముందు చేపకి కబురు చెబుతుంది. చేతిలో ఊతకర్ర కూడా లేదు, అది వేరే సంగతి.

ఏ ఎర కట్టాలో ఏటినే అడుగు. ఒడ్డున అరచేతంత రాయి తిరగెయ్యి. అడుగున ఇసుక రేణువులు అతికించి కట్టిన గొట్టం, అగ్గిపుల్లలో సగం ఉంటుంది. కాసేపు కదలకుండా చూస్తే కొసన నల్ల తల, ఆరు కాళ్లూ బయటికొస్తాయి. అది కాడిస్ పురుగు. రాతికి అతుక్కుని పక్కకి జారే పల్చటిది, మూడు తోకలది, మేఫ్లై పిల్ల. అదే రంగు, అదే సైజు ఈకల ఎర కట్టు. అది నీటితో పాటే కొట్టుకుపోవాలి. దారం లాగి ఎర నీటికన్నా జోరుగా పోయిందా, చేప మొహం తిప్పేసుకుంటుంది. కొత్తవాళ్లకి చేప పడనిది ఎక్కువగా ఇందుకే.

చిన్న ఏటికి ఏడున్నర అడుగుల కర్ర చాలు. కొస దారం 0.15 మిల్లీమీటర్లది. కొక్కెం కన్నంలోంచి దారం దూర్చి, అసలు దారం చుట్టూ అయిదు చుట్లు తిప్పి, కొసని కన్నం దగ్గరి చిన్న ఉంగరంలోంచి తెచ్చి, మళ్లీ పెద్ద ఉంగరంలోంచి తీసి, ఉమ్ముతో తడిపి బిగించు. పొడిగా బిగిస్తే రాపిడికి వేడెక్కి ముడి దగ్గరే తెగుతుంది. కొక్కెం కొస దగ్గరి ఎదురుముల్లుని పట్టకారుతో నొక్కేసెయ్యి. చేపని పొడి చేత్తో పట్టుకోకు, జిగురు పోయిన చోట బూజు పడుతుంది. వదిలేటప్పుడు తల పోటుకి ఎదురుపెట్టి, అది తనంతట తాను విదిలించుకునే దాకా పట్టుకో.

అసలా చేప మనది కాదు తెలుసా? శ్రీనగర్‌లో తివాచీల ఫ్యాక్టరీ నడిపే మిచెల్ దొర కోసం 1899లో ఇంగ్లండు నుంచి బెడ్‌ఫర్డ్ డ్యూక్ పదివేల గుడ్లు పంపించాడు. దారిలోనే అన్నీ చచ్చాయి. మరుసటేడు స్కాట్లండు గుడ్లు తెప్పించారు, అవి నిలిచాయి. ట్రౌట్ గుడ్డుని ఎప్పుడు పడితే అప్పుడు కదపకూడదు. లోపల రెండు నల్లచుక్కలు, అంటే కళ్లు, కనపడేదాకా ఆగాలి. అంతకుముందు కుదిపితే పోతుంది. కళ్లొచ్చాక తడి నాచులో పరిచి, పైన ఐసు పెట్టి, కరిగిన నీళ్లు బొట్టుబొట్టుగా పడేలా సర్దేవాళ్లు. 10 డిగ్రీల్లో నలభై చిల్లర రోజులకి పొదిగే గుడ్డు 5 డిగ్రీల్లో ఇంచుమించు రెట్టింపు రోజులు తీసుకుంటుంది. ఓడ ప్రయాణానికి ఆ గడువే ఆధారం. అలా కాశ్మీరులో నిలదొక్కుకుని 1909లో కుల్లూ చేరింది. గుడ్లు దారిలో ఉన్నన్నాళ్లూ పంపినవాడికి కబురుండదు, పాపం. ఇప్పుడంటే ఫోన్లున్నాయి.

ఏటిలో నిలబడటం గురించి రాయననుకున్నాను. రాస్తున్నాను. వడి నీళ్లలో మోకాలి దాకా చాలు. పోటుకి పక్కవాటుగా నిలబడు, ఊతకర్ర ఎగువ వైపు ఆనించు, ఒక కాలు కుదురుకున్నాకే రెండోది జరుపు. నీళ్లలో వేసుకునే పొడుగు తొడుగు ఉంటే నడుం బెల్టు బిగించు. పడిపోతే లేచి నిలబడాలని చూడకు, రాళ్ల సందున పాదం ఇరుక్కుంటుంది. వెల్లకిలా తేలి, కాళ్లు దిగువకి పెట్టి, నీటి లోతు తగ్గేదాకా అలాగే పో. మేలో పగలు ఎండకి పైన మంచు కరుగుతుంది. పొద్దున దాటిన చోటు సాయంత్రం దాటలేవు. దిగేముందు నీటి అంచున ఓ తెల్లరాయి పెట్టి పావుగంటకోసారి చూడు. అది మునిగినా, నీళ్లు రంగు మారినా, పుల్లలూ ఆకులూ కొట్టుకొస్తున్నా ఒడ్డెక్కెయ్యి. జూలై, ఆగస్టుల్లో అసలు వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఎలాగూ పట్టనివ్వరు, గుడ్లు పెట్టే కాలం. లైసెన్సు తీసుకున్నావు కదా?

తీర్థన్ మీద డ్యాం లేదంటావు. నిజమే. కానీ మండీ నుంచి నువ్వెళ్లే దారిలోనే తలౌట్ ఉంది. 2014 జూన్ 8 సాయంత్రం హైదరాబాద్ పిల్లలు ఫొటోలకని బియాస్ నదిలో రాళ్ల మీదికి దిగితే, ఎగువన లార్జీ డ్యాం గేట్లెత్తారు. 24 మంది. ఆ వీడియో టీవీలో వచ్చినప్పుడు నువ్వు స్కూల్లో ఉన్నావు, నీకు గుర్తుండదు. మీ అమ్మకి గుర్తుంది.

పార్సెల్ పంపుతున్నాను. ఆవకాయ, సున్నుండలు, నా చెరువు థర్మామీటరు, ఓ విజిల్. ఏటి హోరులో అరుపు వినపడదు, విజిల్ మెడలో వేసుకో. సున్నుండలు పైడబ్బాలోవి ముందు తిను, కిందవాటిలో నెయ్యి ఎక్కువ, ఆగుతాయి. ఉన్ని మేజోళ్లు మీ అమ్మ పెట్టింది, తడిస్తే వెంటనే మార్చుకో.

ఒంటరిగా వెళ్లొద్దని రాద్దామనుకున్నాను. రాత్రి పడుకున్నాక తట్టింది, నువ్వు అంత లోతులో ఉన్నప్పుడు ఒడ్డునుంచి ఆ ఫొటో ఎవరో తీసుండాలి కదా అని. మీ అమ్మకి చెబితే, నీకు ఇప్పుడు తట్టిందా అంది. ఎవరని అడగను. వాళ్లకి ఈతొచ్చా రాదా, అదొక్కటి ఫోన్ చేసి చెప్పు.

మీ
నాన్న