డేరియస్ రకర్ గోడ దూకలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం అనుబంధంలో పాప్ నుంచి కంట్రీ సంగీతానికి (అమెరికా పల్లెల జానపద బాణీల్లోంచి వచ్చిన సంగీతం) మారిన అమెరికన్ గాయకుల మీద మీరు వేసిన వ్యాసం చదివాను. ఈ సంగీతం గురించి తెలుగులో రాసేవాళ్లే తక్కువ, అందుకు ముందుగా థాంక్స్. కానీ డేరియస్ రకర్ గురించి రాసిన ఆ నాలుగు లైన్లు మాత్రం నాకు మింగుడు పడలేదు. బ్యాండ్ పాతబడిపోయింది, పాప్‌లో గిరాకీ తగ్గింది, అందుకని ఆయన కంట్రీలోకి గోడ దూకాడు అన్నట్టు రాసి పక్క పేరాలోకి వెళ్లిపోయారు. నేను పదకొండేళ్లు సౌత్ కరోలినాలో ఉద్యోగం చేశాను. ఆయన పుట్టిన చార్ల్‌స్టన్‌కీ, చదువుకున్న కొలంబియాకీ మధ్య కారులో రెండు గంటల దారి, ఆ దారిలో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు, రేడియో పెడితే ఎక్కడో ఒకచోట ఆయన గొంతు తగిలేది. అందుకే చూస్తూ ఊరుకోలేక రాస్తున్నాను.

ముందు పాప్ సంగతి. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ కరోలినాలో చదివేటప్పుడు హాస్టల్ బాత్రూంలో ఈయన పాడుకుంటుంటే మార్క్ బ్రయన్ అనే తోటి స్టూడెంట్ విని, గిటార్ పట్టుకుని జత కలిశాడు. 1986లో అలా మొదలైందే హూటీ అండ్ ద బ్లోఫిష్. (చాలామంది ఈయన్నే హూటీ అనుకుంటారు, మీ వ్యాసంలోనూ అలాగే పడింది. హూటీ, బ్లోఫిష్ అనేవి కాలేజీలో ఇద్దరు స్నేహితుల ముద్దుపేర్లు, వాళ్లసలు బ్యాండ్‌లోనే లేరు.) ఎనిమిదేళ్లు బార్లలో, కాలేజీ పార్టీల్లో వాయించాక 1994లో వాళ్ల మొదటి పెద్ద ఆల్బమ్ 'క్రాక్డ్ రియర్ వ్యూ' వచ్చింది. ఒక్క అమెరికాలోనే రెండు కోట్లకు పైగా కాపీలు పోయాయి. ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తూ ఒంటిచేత్తో పిల్లల్ని పెంచిన వాళ్లమ్మ ఇదేదీ చూడలేదు, 1992లోనే పోయింది. ఆ ఆల్బమ్‌లో ఆమె కోసం ఒక పాట ఉంది. అందులోనే ఇంకో పాటలో, సౌత్ కరోలినా రాష్ట్ర శాసనసభ దగ్గర బానిసత్వం నాటి కాన్ఫెడరేట్ జెండా ఇంకా ఎందుకు ఎగురుతోందని నేరుగా అడిగాడు. జెండా దిగింది 2015లో. అంటే ఆయన అడిగిన ఇరవై ఏళ్ల తర్వాత. అందరూ హాయిగా పాడుకునే పాటలు చేసే బ్యాండ్ అని తీసిపారేసేవాళ్లు ఆ పాట ఒకసారి వినాలి.

ఇక మార్పు గురించి. పాప్‌లో జోరు తగ్గిన మాట నిజమే, 2002లో చేసిన ఆర్ అండ్ బి (నల్లజాతి సంగీతంలో ఒక రకం) సోలో ఆల్బమ్ పెద్దగా నడవని మాటా నిజమే. కానీ కంట్రీ మీద మనసు అప్పుడు పుట్టింది కాదు. రాడ్నీ ఫాస్టర్ అనే గాయకుడి పాటలు విని, ఎప్పటికైనా ఇలాంటి రికార్డు చేయాలని అనుకున్నానని ఆయనే ఎన్నో ఇంటర్వ్యూల్లో చెప్పాడు, అది హూటీ ఇంకా హిట్ కాని రోజుల మాట. పైగా అవకాశవాది ఎక్కడ తేలిగ్గా ఉంటుందో అక్కడికి పోతాడు కదా! నల్లజాతి సోలో గాయకుడికి 2008లో కంట్రీ రేడియో కంటే కష్టమైన చోటు ఇంకేముంది చెప్పండి? కోట్ల రికార్డులు అమ్మిన మనిషి, 42 ఏళ్ల వయసులో, గిటార్ భుజాన వేసుకుని ఊరూరా వంద దాకా రేడియో స్టేషన్లు తిరిగాడు. నన్ను నేను పరిచయం చేసుకుంటాను, నా పాట వినండి అని కొత్త కుర్రాడిలా అడిగాడు. మా శ్రోతలు నల్లవాడి కంట్రీ పాట వినరు అని మొహం మీదే చెప్పినవాళ్లు ఉన్నారట. అయినా వెళ్లిన చోటల్లా కూర్చుని పాడాడు.

ఆ తిరుగుడు ఊరికే పోలేదు. ఆ ఏడాదే మొదటి సింగిల్ కంట్రీ చార్టులో ఒకటో స్థానానికి వెళ్లింది. అంతకుముందు ఒక నల్లజాతి సోలో గాయకుడు అక్కడికి చేరింది 1983లో, ఆయన చార్లీ ప్రైడ్. మధ్యలో పాతికేళ్లు ఒక్కరూ లేరు! తర్వాతి రెండు సింగిల్సూ ఒకటో స్థానం అందుకున్నాయి. 1996లో గ్రామీ వాళ్లు ఆయన బ్యాండ్‌కి ఉత్తమ నూతన కళాకారుల అవార్డు ఇచ్చారు, 2009లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్లు ఆయనకి మళ్లీ నూతన కళాకారుడి అవార్డే ఇచ్చారు. పదమూడేళ్ల తేడాలో రెండుసార్లు కొత్తవాడు కావడానికి ఒప్పుకున్న మనిషిని గోడ దూకాడని ఎలా అంటాం?

'వ్యాగన్ వీల్' సంగతి కూడా వ్యాసంలో తేల్చేశారు, పాత హిట్‌ని మళ్లీ పాడి క్యాష్ చేసుకున్నాడని. బాబ్ డిలన్ 1970లలో సగంలో వదిలేసిన పల్లవి అది, కెచ్ సెకోర్ అనే గాయకుడు చరణాలు రాసి పూర్తి చేశాడు. ఆ పాట అంతకుముందు ఎవరో వినిపిస్తే రకర్‌కి పెద్దగా ఎక్కలేదు. తర్వాత కూతురి స్కూల్లో టాలెంట్ షోకి వెళ్తే టీచర్ల బ్యాండ్ అదే పాట అందుకుంది, పాట సగంలో ఉండగానే పక్కనున్న భార్య వైపు తిరిగి దీన్ని నేను రికార్డు చేయాలి అన్నాడట. పిల్లల ప్రోగ్రాంకి వచ్చి కూర్చున్న తండ్రికి తట్టిన పాట అది. 2014లో దానికి గ్రామీ వచ్చింది.

నా బాధల్లా ఇంకొకటుంది. ఈయన నల్లవాళ్ల సంగీతం వదిలేసి తెల్లవాళ్ల సంగీతంలోకి వెళ్లాడనే అర్థం మీ వ్యాసంలో అక్కడక్కడా ధ్వనించింది. అసలు కంట్రీ పాటల్లో వినిపించే బాంజో వాయిద్యం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో వచ్చింది. కంట్రీ సంగీతానికి కేంద్రమైన నాష్‌విల్‌లో గ్రాండ్ ఓల్ ఆప్రీ రేడియో షోకి 1927 డిసెంబర్‌లో ఆ పేరు పెట్టిన రాత్రి, పేరు చెప్పగానే వాయించింది డిఫోర్డ్ బెయిలీ అనే నల్లజాతి హార్మోనికా కళాకారుడు. 1941లో ఆయన్ని పంపించేశారు. తర్వాత ఆ ఆప్రీలో సభ్యత్వం దక్కిన నల్లజాతి గాయకుడు చార్లీ ప్రైడ్, అదీ 1993లో. ఆయన తర్వాత 2012 అక్టోబర్‌లో రకర్. ఆ వేదిక మధ్యలో పాత హాలు నుంచి కోసి తెచ్చి అమర్చిన ఓక్ చెక్క చక్రం ఉంటుంది, ఆరడుగుల వెడల్పు, పాడేవాళ్లు దాని మీదే నిలబడతారు. ప్రేక్షకుల్లోంచి కంట్రీ గాయకుడు బ్రాడ్ పెయిస్లీ లేచి సభ్యుడిగా చేరతావా అని అడిగినప్పుడు రకర్ కదిలిపోయాడు.

ప్రైడ్ మొదటి రికార్డుల్ని 1966లో రేడియో స్టేషన్లకి పంపేటప్పుడు కంపెనీ ఆయన ఫోటో లేకుండా పంపింది, రంగు చూసి పాట పక్కన పడేస్తారేమోనని. మీ వ్యాసంలో ఆయన పేరే లేదు. చోటు దొరికితే ఆయన గురించి, బెయిలీ గురించి, 1969లో ఆప్రీలో పాడిన మొదటి నల్లజాతి మహిళ లిండా మార్టెల్ గురించి ఇంకో వ్యాసం వేయండి. ఫోటోలు మాత్రం తప్పకుండా పెట్టండి.

ఇట్లు,
మీ పాఠకుడు